చెక్ ట్రే

ట్రే పైకి లాగి
దోసిట్లోకి ఒక రొయ్యను తీసుకుని
తలలైటుకు అడ్డం పట్టి చూస్తాను.
గాజు ఒళ్ళు. ఏదీ దాచుకోను చోటు లేదు దానికి.
వీపు మీదుగా తల నుంచి తోక దాకా
గోధుమరంగు దారం ఒకటి,
సాయంత్రం నేను చల్లిన మేత.
నిండుగా ఉంటే తింటుండాదని,
తెగితెగి ఉంటే నోరు కట్టేసుకుందని,
నల్లగా ఉంటే మేత చాలక అడుగుబురద నాకుతుండాదని.
ఇస్కపల్లి కట్టల మీద పదకొండేళ్ళుగా
ఈ ఒక్క గీతే నేను చదివింది.

తింటే బలం వచ్చేస్తుందనుకునేవాణ్ణి,
బస్తా దించినట్టు.
అట్టా కాదని ఓ ఎండాకాలం రాత్రి తెలిసింది.

రెండుంబావుకి కరెంటు పోయింది.
ఏరియేటర్ల చక్రాలు నాలుగూ
నీళ్ళు కొట్టడం ఆపేశాయి.
గుంట దగ్గర అంత నిశ్శబ్దం మంచిది కాదు.
పగలంతా ఎండ తాగి ఊపిరి వదిలిన పచ్చనీళ్ళు
రాత్రయితే మనలాగే పీల్చుకుంటాయి, ఉన్న ఆ కాస్తా.
రొయ్యలు గట్టువారకి వచ్చాయి,
మీసాలు పైకెత్తి, వేలల్లో.
లైటు వేస్తే కళ్ళన్నీ నిప్పురవ్వలు.

అన్నీ కడుపు నిండినవే.
ఆ నిండిన కడుపే వాటికి చేటు.
లోపల మేత రాజుకోవాలంటే గాలి కావాల,
తిన్నదెంతో, అంత గాలి.
పస్తున్నవైతే తెల్లారిందాకా ఓర్చుకునుండేవేమో.
ల్యాబు పిల్లోడు సుధీరు తర్వాత దానికేదో పేరు చెప్పాడు.
నాకు మాత్రం
పొయ్యి నిండా కట్టెలు కుక్కి
ఊదుగొట్టం కోసం తడుముకునే మా అమ్మ గుర్తొచ్చింది.

జనరేటరు పైపులో గాలి పట్టేసింది.
గాలి లేక అవి చస్తుంటే
గాలి ఎక్కువై ఇది మొరాయించింది!
నట్టు వదులు చేసి, నురగ పోయి
డీజిలు ధార కట్టిందాకా పంపు నొక్కి
హ్యాండిలు తిప్పాను, తిప్పాను,
తిట్టాను ఇంజన్ని, ఆసామిని, కరెంటోళ్ళని.
ఏడోసారికి చేతిలో సత్తువ యాడ్నించి వచ్చింది?
అంకమ్మ కట్టిచ్చిన ముద్దన్నం,
చింతచిగురేసిన ఎండురొయ్యల కూర.
అది నా లోపల పొగ లేకుండా మండి
భుజంలోకి పాకి, హ్యాండిల్లోకి దిగి
దడదడమని ఇంజన్లో పడింది.
దాని గొట్టంలోంచి పొగ, నా ముక్కులోంచి సెగ.
ఇద్దరం కాసేపు ఒక్కతీరుగా రొప్పాం.

చక్రాలు తిరిగాయి.
మీసాలు ఒక్కొక్కటే మునిగాయి.
తూము మూల తట్టెడు పోయాయి.
చీకటి విడవకముందే కొంగలు దిగాయి,
వాటి ఆకలి వాటిది, తోలబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఫోను.
"తిన్నావా?"
అంకమ్మ ఇంకేం అడగదు ఎప్పుడూ.
ఊఁ అన్నాను. నమ్మదు.
ఇంటికి పోతే గడపలోనే ఆపి
వెలుతురికి నిలబెట్టి చూస్తుంది,
వీపు దాకా.