ఎత్తుగీతి

రెండు సీసాలు తెచ్చింది కాశింబీ
కనిగిరి అవతల నుంచి ఒంగోలుకి, ఫస్టు బస్సులో,
ఒళ్లో పెట్టుకుని.
దగ్గుమందు సీసాలో బోరు నీళ్లు.
తేనె సీసాలో క్యాను నీళ్లు.
"కలిసిపోతాయేమోనని
తేనె సీసాకి ఎర్రదారం కట్టినా నాయనా."

పుస్తకంలో నంబర్లు వేశాను.
నూట పద్నాలుగు. నూట పదిహేను.
కడిగే తెచ్చావా అంటే
చింతపండుతో తోమి మూడ్రోజులు ఎండబెట్టానంది.
రూలు ప్రకారం పనికిరావవి,
మేమిచ్చిన డబ్బాలోనే పట్టి తేవాలి.
చెప్పబోయి, ఆమె మోకాళ్లు చూసి ఊరుకున్నాను.
మా వైపు మోకాళ్లే.
కూర్చోవాలంటే ముందు గోడని అడిగే మోకాళ్లు.

బోరు సంగతి పాతదే.
పళ్లకి పసుపు రాస్తుంది, నడుముకి ముడేస్తుంది.
అందుకే కదా టీకొట్టు పెట్టిన పదకొండేళ్లూ
క్యానుకి డబ్బులు పోసింది,
మొదట ఎనిమిది, తర్వాత పన్నెండు, ఇప్పుడు ఇరవై.
"తియ్యంగుంటాయి గదా అయ్యి.
మనవడి పాలల్లోకి కూడా అయ్యే కలిపినాం.
మరి వాడికి రెండో ఎక్కం ఎందుకు నిలబడదు?"

లేచి మిషను ఆన్ చేశాను.

ఎనిమిదో తరగతిలో తిరుపాలు మాస్టారు
సీసం అంటే ఏందిరా అని లేపేవాడు.
నాలుగు పాదాలు సార్,
పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు.
ఆయన గొంతెత్తితే
కిటికీ మీద పిచ్చుక కూడా ఆగేది.
"తోక లేని గాలిపటం, ఎత్తుగీతి లేని సీసం
ఒక్కటేరా, నిలబడవు."
ఇప్పుడు నాకు రోజూ కనిపించే సీసానికి
గణాల్లేవు, రంగు లేదు, వాసన లేదు.
లీటరు నీళ్లలో
మిల్లీగ్రాములో నూరోవంతు దాటితే చాలు,
యతి తప్పకుండా వచ్చి
పిల్లాడి తలలో కూర్చుంటుంది.

నూట పద్నాలుగు: సీసం లేదు. ఫ్లోరైడు, మామూలే.
నూట పదిహేను:
మళ్లీ చూశాను.
సీసా తప్పేమో. మూత తప్పేమో. నా చెయ్యి తప్పేమో.
మూడోసారీ అదే అంకె.
మూలన మా ఆఫీసు క్యాను
గుడగుడమని ఒక బుడగ వదిలింది.

"ఏ సీసా తాగమంటావు?"
బోరు ఎముకలు అడుగుతుంది.
క్యాను ఎక్కాలు అడుగుతుంది.
ఏది ఇచ్చుకోవాలో చెప్పమని
బల్లకి అవతల నిలబడింది కాశింబీ.
నాకు జీతం అంకె రాసినందుకు.
రాశాను.
కింద రిమార్కుల గడి,
సరిగ్గా ఒక ఎత్తుగీతి పట్టేంత చోటు.
ఇన్నేళ్లూ అక్కడ
'మరల పరీక్షించవలెను' అని రాసేవాణ్ణి.
ఇవ్వాళ పెన్ను కదల్లేదు.

ఆమే ముందు తేరుకుంది.
"నీళ్లు పారబొయ్యి గానీ
సీసాలు నాకియ్యి నాయనా.
ఎర్రదారందానికి మూత గట్టిది.
మళ్లా తెమ్మంటావుగా."