ఎడమ స్పీకరు

ముహర్రక్‌ల ఇల్లు ఖాళీ చేసుకుంట
సిరియా ఇంజనీరు ఇచ్చిపోయిండు ఈ జంటను,
మోసుకపోగలిగితే నీవే, అని.
నేనూ షుకూరూ మూడంతస్తులు మోసినం.
ఒక్కొక్కటి సిమెంటు బస్తా బరువు.

ఆరుగురం పండే గది.
కుడిది ఫ్రిజ్జు మీద,
ఎడమది బాలమల్లు మంచం కాళ్లకాడ.

మొదలు ఆ పాటే పెట్టినం,
ఫోన్ల మోగితే బకెట్ల నీళ్లు ఎగిరే పాట,
అప్పట్ల ప్రతి బరాతుల మోగిన పాట.
పెట్టంగనే మొఖాలు మాడినయ్.
అంతా ఒకటే ఎత్తు. గోడకు సున్నమేసినట్టు
గుసగుసా కేకా ఒకే మందం.
పాడే పిల్ల ఊపిరి తీసుకున్న చోటల్లా
కత్తెరేసి అతికిండ్రు.
ఊపిరాడకనే నాలుగు నిమిషాలు పాడింది పాపం.

స్పీకర్లు ఖరాబైనయన్నడు షుకూరు.
కాదు, ఇవి ఉన్నదున్నట్టు చెప్తున్నయ్.
ఇన్నేండ్లు మొహమాటపడి దాచింది ఫోనే.

అప్పుడన్నడు బాలమల్లు,
"అండ్ల డప్పు నాది."

ఎప్పుడూ అంటడు. ఎవ్వరం నమ్మలే.
ఆ పాటల డప్పుంటే గదా!

జగిత్యాల బస్టాండు ఎనక, రెండో అంతస్తు.
గోడల నిండ కోడిగుడ్ల అట్టలు.
ఎనిమిది వందలిచ్చిండ్రట.
డప్పు కాపుకుంటనంటే మంట పెట్టనియ్యలే.
ఏసీల తోలు మెత్తవడ్డది,
కొడితే తడి గోనెసంచి మీద కొట్టినట్టు.
సౌండు పిలగాడు తల గోక్కొని
"ఉండనీ అన్నా, కింద ఉంటది" అని
పైన కీబోర్డు పరిచిండు.

కింద ఉంటది.
ఆ ఒక్క మాట పట్టుకొని ఏడేండ్లు.

"ఏసీ బందు పెట్టుండ్రి."
ఆగస్టు నెల. బయట సముద్రమే ఉడుకుతున్నది.
అయినా షుకూరే లేచి స్విచ్చు నొక్కిండు.
ఫ్రిజ్జు వైరు గూడ పీకినం.
బనీన్లు ఇప్పి ఆరుగురం
ఎడమ పెట్టె ముందట, చెవులు రిక్కించి.

రెండో చరణం ఒడిసేకాడ,
పిల్ల గొంతు ఆగినంక
కీబోర్డు ఇంకా మీద పడకముందు
ఇంత సందు.
అండ్ల
దబ్. దబ్. దబదబ్.
మెత్తగ, తడిగ,
ఆవలి చేన్ల ఎవరో మక్కకంకులు కొడుతున్నట్టు.

"ఇనవడ్డదా?"

ఎవ్వరం పలుకలే.
"ఒన్స్‌మోర్" అన్నడు షుకూరు,
ముక్కు కొసన చెమటబొట్టు ఊగుతుండంగ.

పన్నెండుసార్లు పెట్టినం.
బాలమల్లు వేళ్లు మంచం పట్టెమీద
రికార్డుల కంటే బిర్రుగ మోగినయ్.
"గీ ఉడుకుల రికార్డు చేసినా
తోలు బిగిసేదిరా" అన్నడు,
ఫ్రిజ్జుల పెరుగు పులిసే యాళ్లకు.