రెండు పళ్ళు తక్కువ

రస్ అల్ ఖైమా, అల్ ఘైల్ షెడ్డులో
నా బల్ల మీద ఒక గిన్నె ఉంది.
చంటిపిల్లకి పెరుగన్నం కలిపేంత గిన్నె.
ఉక్కుది. గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు.
వేళ్ళతో నొక్కితే సొట్టపోతుంది,
వదిలితే ఏమీ జరగనట్టు గుండ్రమవుతుంది.
అంచు చుట్టూ రెండు వందల పళ్ళు.
దాన్ని చుట్టుకున్న ఉంగరానికి రెండు వందల రెండు.

ఆ రెండే నా జీతం.

మధ్యలో కోలటి ఇరుసు తిరుగుతూ
గిన్నెను ఎదురెదురు చోట్ల బయటికి నెడుతుంది.
నెట్టిన చోట పన్ను పన్నులో కూర్చుంటుంది.
ఒక చుట్టయ్యేసరికి
గిన్నె రెండు పళ్ళు వెనక్కి జరుగుతుంది.
మోటారు నూరు చుట్లు తిరిగితే
రోబో మోచెయ్యి ఒక్క చుట్టు.
నూరు పరుగులు అమ్మి ఒక బలం కొనుక్కోవడమన్నమాట.
టిఫిన్ డబ్బా పట్టే చోట్లో ఇదంతా ఇమడాలి,
టైల్సు పెట్టెను ఎత్తి
వెంట్రుకవాసి తప్పకుండా దించాలి.

పళ్ళ మధ్య ఖాళీని మా షాపులో ఆట అంటారు.
ఇటు కొంచెం, అటు కొంచెం, పనికిరాని కదలిక.
నాకు ఆట అంటే పడదు.
డ్రాయింగులో సున్నా రాశాను.
ఇరవై డిగ్రీల చల్లగదిలో తొడుగులేసుకుని కొలిస్తే
సున్నాయే వచ్చింది.
ఆ రాత్రి ఒక పరాటా ఎక్కువ తిన్నాను.

జులై పదకొండు. షెడ్డులో నలభై ఆరు.
టెస్టు బెంచి మీద చెయ్యి ఎత్తుతోంది, దించుతోంది.
రెండున్నరకి కరెంటు గీత పైకి లేచింది.
మూడింటికి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది,
ఏదో అడగబోయి మరిచిపోయినట్టు.

గ్రీజు మార్చాను. బేరింగు మార్చాను.
పంటి వంపును మళ్ళీ గీశాను.
కంప్యూటరు నాదే రైటంది.

మూడోనాడు నాంపెల్లి వచ్చాడు.
బొద్దుల నాంపెల్లి, ఫిట్టరు,
ఇక్కడికి రాకముందు సిరిసిల్లలో సాంచెలు బాగుచేసేవాడు.
ఎడమ అరచెయ్యి మోటారు మీద,
కుడిది బయటి ఉంగరం మీద.
జ్వరం చూసినట్టు చూశాడు.
"లోపల కాగుతున్నది, బయట నయమే ఉన్నది మేడం.
లోపలిది ఉబ్బింది. ఊపిరాడ్తలేదు దానికి."
తర్వాత, సులేమానీ గ్లాసు ఊదుకుంటూ,
"పడుగు మస్తు గుంజి కడితె
బట్ట మంచిగొస్తదనుకుంటం.
పోగులు తెగుతయ్, అంతే."

నాకు కోపమొచ్చింది. ఒప్పుకుంటాను.
సాంచెకీ దీనికీ పోలికేమిటి అని
గదికెళ్ళి తలుపేసుకుని లెక్క కట్టాను.
లోపల ఎనభై మూడు. బయట యాభై.
వ్యత్యాసాన్ని వ్యాసంతో, ఉక్కు గుణంతో హెచ్చవేస్తే
నేను సున్నా రాసిన చోట
పంతొమ్మిది మైక్రాన్లు వచ్చి కూర్చున్నాయి,
ఒకే బెడ్ స్పేసుకి ఇద్దరు అద్దె కట్టినట్టు.

ఇరుసు కోలను తొమ్మిది మైక్రాన్లు తగ్గించాను.
నూలుపోగును పదహారు పాయలు చీలిస్తే
అందులో ఒకటి.
మిగతాది గిన్నె తన వంపులో తనే సర్దుకుంటుంది.
జనవరి పొద్దుల్లో మొదటి పది నిమిషాలు
చెయ్యి కొంచెం ఆడుతుంది. తెలుసు.
ఆడనీ.

రివిజన్ సి.
'మార్పుకు కారణం' గడిలో ఉష్ణోగ్రత అని రాశాను.
సలహా ఎవరిదో రాయడానికి గడి లేదు.
కాసేపు వెతికాను కూడా.

చెయ్యి ఇప్పటికి తొమ్మిది రోజులుగా ఆగలేదు.
నాంపెల్లి దానివైపు చూడ్డం లేదు.
బిగిసిపోయిన పాత గిన్నెను అడిగి తీసుకున్నాడు,
టీ టైములో గోటితో ఒక్కో పన్నూ మీటుతూ
లెక్కపెడుతున్నాడు.

"నూట తొంభై ఎనిమిదే వస్తున్నయ్ మేడం."

ఎక్కడ మొదలుపెట్టావో గుర్తుందా, అన్నాను.
గుర్తు లేదట.
మార్కరు పెన్నిచ్చాను.