కుట్టు లేని కోత

కుడి కంటికి పద్దెనిమిదేళ్ళ కిందట
పొన్నూరు క్యాంపులో చీటీ రాసి
గుంటూరు పెద్దాసుపత్రిలో చేశారు.
నా ముందు నలభై మంది, వెనకెందరో.
ఆ డాక్టరు చేతివాటం మంచిదే,
దర్జీని, సాటి పనివాణ్ణి తప్పుపట్టను.
కానీ ఐదు కుట్లు.
కుట్టు పిసరంత బిగిస్తే
గుడ్డ ముడుచుకుంటుందని నాకొకరు చెప్పాలా?
కనుగుడ్డూ గుడ్డే.

నలభై రోజులు మీరాబీ కత్తెర దాచేసింది.
వంగొద్దు, దగ్గొద్దు, తుమ్మొద్దు.
లాలాపేట గాలినిండా మిరపఘాటు,
తుమ్మకుండా ఎవరుండగలరు?
పచ్చగుడ్డ తీశాక వెలుగైతే వచ్చింది,
నిలువు గీతలు మాత్రం ఒరిగిపోయాయి.
సుద్దగీత తిన్నగానే గీశాననుకునేవాణ్ణి.
"ఒక కాలు అటు పోతోందేంటి, కాలేషా?"
గుమస్తా కోటిలింగం ప్యాంటు తిరిగి తెచ్చాడు.
నీ నడకే అంతన్నాను.

ఎడమ కన్ను మొన్న, కొత్తపేటలో.
అందరూ లేజరంటారు, కాదట.
సన్నగా కూసే సూది ఒకటి
ముదిరిన శుక్లాన్ని లోపలే నలిపి పీల్చేసింది.
మడిచిన అద్దం, జేబురుమాలులా,
లోపలికెళ్ళి విచ్చుకుంది.
కోత ఎంతమ్మా అని అడిగాను.
మెళ్ళో టేపు మర్చిపోయి వెళ్ళినట్టున్నాను,
డాక్టరు హైమవతి దాన్నే పట్టుకు చూపించింది:
"ఇదిగో, మూడు చిన్న గీతలు కూడా లేదు."
మరి కుట్టు?
"వెయ్యలేదు. ఏటవాలుగా కోశాను.
లోపలి నీళ్ళే తోసి తలుపు మూసేస్తాయి."

ఐమూల కోత!
మా విద్య నీకెవరు నేర్పారమ్మా?

మర్నాడు కట్టు విప్పారు.
చుక్కలమందు లెక్క మీరాబీ
షాపు గోడమీద నా సుద్దతోనే గీసింది.
ఆమె వంటింట్లో ఉండగా, నాలుగో రోజు,
దారం కొస తడిపి సూదికి చూపించాను.
ఒక్క పట్టున దూరింది.
ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి షట్టరు సగం దించి
పాత లైనింగు ముక్క ఐమూలగా కోశాను.
రెండంచులూ కలిపి, వేలితో నొక్కిపెట్టి
కాసేపు చూశాను.
వదలగానే సాగి, పీచు లేచి, ఎటుదటు.
పాపం, దాని లోపల నీళ్ళేవి.

కుడి కన్ను మూస్తే షాపు గుమ్మం నిటారు.
ఎడమది మూస్తే
కోటిలింగం ప్యాంటు.
పొద్దున్నే కబురు పెట్టాను,
కొలతలకి రమ్మని.
కూలి వద్దని కూడా చెప్పమన్నాను.