ముప్పై మిల్లీలీటర్లు

పులియంతోపు నుంచి ఆటోలో తెచ్చారు,
కాన్పై నాలుగో రోజు.
ఒళ్ళు కాలుతుందనుకుని చెయ్యి వేశాను.
చల్లగా ఉంది.
అరిచీ అరిచీ నోరు పడిపోయిన జ్వరమది.

"అక్కా, కుళిరుగా ఉంది" అంది,
సగం తమిళం, సగం మన మాట.
చెంగమ్మ. ఇరవై మూడేళ్ళు. కార్పొరేషన్‌లో ఊడ్చే పని.
బాలింతకి చలి మామూలేగా, అంది అత్త.
చెవుల్లో దూది పెట్టాం, కాయం తినిపించాం,
అన్నీ చేశామమ్మా, అంది.
కాదనలేదు. బీపీ పట్టీ చుట్టాను.
డెబ్బై, నలభై.

డాక్టర్ కయల్విళి గోడ గడియారం చూసి
"ఒంటి గంట పది" అంది.
మా వార్డులో ముహూర్తం పెట్టడం అలాగే.
రెండు పది లోపల మందు నెత్తుట్లో ఉండాలి.
ముందు కల్చర్‌కి రెండు సీసాలు,
ఆ వెంటనే యాంటీబయాటిక్.
నరం దొరకదే!
చీపురు పట్టి కాయలు కాసిన చేతిలో
నరాలన్నీ నక్కి కూర్చున్నాయి,
అప్పులవాడు తలుపు తడితే
ఊపిరి బిగబట్టిన ఇంటివాళ్ళలా.
మూడో పోటుకి దొరికింది.
ఒకటీ ముప్పై ఐదు.

రెండు లీటర్ల సెలైన్ ఇంకిపోయింది, బీపీ లేవలేదు.
నారడ్రినలిన్ పంపు పెట్టాం.
"లోపల ఇంకా ఏదో ఉంది" అంది డాక్టర్.
ఉంది. రేగుపండంత మాయ ముక్క.
తొమ్మిది నెలలు బిడ్డకు అన్నం పెట్టిన పళ్ళెంలో
అంటుకుని పాచిన మెతుకు.
మూడింటికి థియేటర్లో తీసేశారు.
ఆ వాసన గురించి రాయను.

ఇక మిగిలింది నా పని.
గంటకోసారి మంచం పక్కన వంగి
గొట్టం చివర సంచి చూడ్డం.
నాలుగింటికి ఐదు. డికాక్షన్ రంగు.
ఐదింటికీ ఐదే.
పక్క వార్డులో ఎవరి బిడ్డో ఏడ్చింది.
చెంగమ్మ గౌను రొమ్ముల దగ్గర తడిసింది.
కిడ్నీలు మరిచిపోయిన ఒంట్లో
పాలు మాత్రం మరిచిపోలేదు.
తుడిచి, గౌను మార్చాను.
ఈ మంచం మీద పోయిన నెల ఇంకొకామెకి కూడా మార్చాను.

కింద వీధిలో చీపుర్లు మొదలయ్యాయి,
ఆమె లేని వరసలో.

ఆరింటికి వంగాను. మళ్ళీ వంగి చూశాను.
ముప్పై.

తలుపు బయట అత్త లేచి నిలబడింది.
"ఉచ్చ పోసిందమ్మా" అన్నాను,
గొంతు పూడుకుపోయింది.
"అంతేనా?" అంది.