ప్రూఫు కాయితం

బిల్లు బుక్కుల కోసం వచ్చాను మొదట.
కందుకూరులో పామూరు రోడ్డు పక్క సందు,
రెండు మెట్లు దిగితే ఫ్లెక్సీ మిషను,
దాని వెనక చీకటి గదిలో
గోనెపట్టా కప్పుకుని మీ తాత ట్రెడిల్.
"వెంగమాంబ లేడీస్ టైలర్స్" అని రాసిచ్చాను.
నువ్వు ట్రైలర్స్ అని వేశావు,
యాభై పుస్తకాల నిండా.
కొట్లాటకే వచ్చాను రెండోసారి.
మూడోసారి ఎందుకొచ్చానో
నువ్వూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కరెంటు పోయిన ఒక ముసురు సాయంత్రం
గోనెపట్టా తీసి చూపించావు.
గళ్ళ గళ్ళ చెక్కపెట్టె, సీసపు అక్షరాలు,
గుణింతమంతా ఎవరి గదిలో వాళ్ళు.
'మ' ఒకటి ఏరి నా అరచేతిలో పెట్టావు.
చల్లగా, బరువుగా, తిరగబడి ఉంది.
"వెనకనించి చదవడం అలవాటు కావాలి" అన్నావు.
నాకు నవ్వొచ్చింది మాల్యాద్రీ,
జాకెట్టు నేను తిరగేసే కదా కుట్టేది!
పోగులు బయటికి, పూలు లోపలికి,
ఎవరికీ చూపించని వైపే పనంతా.

మీవాళ్ళు ఎనిమిది నెలలు మాట్లాడలేదు.
మావాళ్ళు పద్నాలుగు.
ఆ లెక్క ఇప్పుడెందుకులే.

పాతకాలం పెండ్లి చేసుకుందామన్నది నేనే,
అవ్వ ట్రంకుపెట్టె అడుగున దొరికిన శుభలేఖ చూసి.
గులాబిరంగు పోయి గోధుమరంగుకొచ్చిన కాయితం,
కింద "మోటారు సౌకర్యము కలదు."
ఒంగోలు నించి ఈవెంటాయన వచ్చాడు,
వింటేజ్ థీమ్, రెండు లక్షల ఎనభై వేలన్నాడు.
టీ డికాషన్లో ముంచి ముసలిచేసిన కార్డులట,
తుప్పురంగు పూసిన కొత్త లాంతర్లట.
అవ్వ వక్క నములుతా ఆ బొమ్మలన్నీ చూసి
"ఏందబ్బా ఇది! తుప్పు పోవాలని
చింతపండేసి తోమినాం మేము.
మీరు దుడ్లిచ్చి పూయిస్తా ఉండారా?"

ఆయన్ని కాఫీ ఇచ్చి పంపించేశాం.
బుట్టచేతుల జాకెట్టు నేనే కుట్టుకుంటా.
రంగు కాయితాల తోరణాలకి మైదా జిగురు ఉడికిస్తానంది అమ్మ.
గోలీసోడాలు కావలి నించి, ఆరు కేసులు.
పెట్టె కెమెరా దాచుకున్న బషీర్ గారు
ఒక్క ఫొటోకే ఒప్పుకున్నారు,
"కదిలితే నా పూచీ లేదమ్మా" అంటూ.
శుభలేఖ మాత్రం నీ ట్రెడిల్ మీదే.

అక్షరాలు పేరుస్తున్న రాత్రి అవ్వని అడిగాను,
ఆ రోజులు బాగుండేవి కదా అని.
వక్క ఉమ్మేసి వచ్చి కూర్చుంది.
"మీ ఇద్దరికీ ఆ రోజుల్లో చోటు యాడుంది మే?
మా చిన్నాయన కూతురు చెంచురత్తి ఉండేది.
నీ మాదిరే మిషను తొక్కేది.
నీ మాదిరే వేరే ఇంటోణ్ణి ఇష్టపడింది.
మళ్ళా ఆ పేరు మా ఇంట్లో ఎవురూ పలకలా."

నీ చేతిలో అక్షరం అట్లానే ఆగింది.
గులాబిరంగు శుభలేఖ మళ్ళీ తీసి చూశాను.
తండ్రులున్నారు, తాతలున్నారు, గోత్రాలున్నాయి.
కన్న తల్లి ఒక్కతీ లేదు.

మనకి ఆ అక్షరాలు చాలు, ఆ మాటలొద్దు.
గోత్రాల వరస తీసేశావు,
తల్లుల పేర్లు పైకి పెట్టావు.
పెళ్ళి అని పేర్చబోతే 'ళ్ళ' అరిగిపోయింది,
పెండ్లి అని పెట్టావు,
అవ్వ నోట్లో ఎప్పుడూ ఉండే మాటే.
అప్పుడు అడిగింది అవ్వ, మనవైపు చూడకుండా,
"ఆ పిల్ల పేరు యాడన్నా పడద్దా, చిన్నగా?"

కింద, ఆహ్వానించువారు అన్నచోట, నువ్వు
అవ్వ పేరు పక్కనే ఒక్కో అక్షరం నిలబెట్టావు.
అవ్వకి చదువు రాదు,
మనమే తిరగేసి చదువుకోవాలి గానీ
ఆమెకి ఏ వైపైనా ఒకటే.
సిరా పూయకముందే సీసం మీద వేలు పెట్టింది.
"ఇదేనా?"
"ఇదే అవ్వా."
ఆ వేలు తీసేదాకా
నువ్వు ట్రెడిల్ తొక్కలేదు.