ఎర్ర సుద్ద

జూన్ వచ్చింది కానీ, కాస్కేడ్ కొండల తూర్పు వాలులో
మంచు ఇంకా నీడలు వదల్లేదు.
ఆస్పెన్ చెట్ల మధ్య మడతకుర్చీ వేసుకుని
వెర్నా హాల్వర్‌సన్ చెవి ఒగ్గి కూర్చుంది.

టకటకటక... టక్. టక్.
టక్.
చెప్పబోయి మరిచిపోయినట్టు ఆగి ఆగి.
మిగతా వడ్రంగిపిట్టలు ఏకబిగిన కొడతాయి,
కాంట్రాక్టు పని లాగా.
సాప్‌సకర్ అలా కాదు. దానికి మధ్యలో ఏదో గుర్తొస్తుంది.

బెరడు మీద వరసగా గాట్లు,
దర్జీ టేపు పెట్టి చుక్కలు పెట్టినట్టు.
మోకు లేదు, లొట్టి లేదు, నడుముకు కత్తి లేదు,
ముక్కొక్కటే పెట్టుబడిగా చెట్టెక్కిన గీతగాడు.
ఊరిన రసానికి చీమలొస్తాయి, కందిరీగలొస్తాయి,
బొటనవేలంత హమ్మింగ్‌బర్డ్ ఒకటి
గాల్లోనే నిలబడి తాగి పోతుంది.
ఎవరి ఖాతాలోనూ ఎవరూ రాయరు.

నాలుగు వసంతాలు. సెకండ్ హ్యాండ్ లెన్సు.
నిన్నటికి రెండువందల పద్నాలుగు ఫోటోలు:
తొంభైమూడింట్లో ఉత్త బెరడు,
ఒకదాంట్లో తోక,
ఒకదాంట్లో ఆమె చేతితొడుగు.
పనికొచ్చింది ఒక్కటే.
రెక్క మడతలో పొడుగాటి తెల్లచార, సరే.
మెడ వెనక ఎరుపు, సరే.
గొంతు దగ్గరే చిక్కు:
నల్లంచు లోపల ఆగాల్సిన ఎరుపు
పాలు పొంగినట్టు పొంగి
రొమ్ము మీదికి జారింది.

ఎర్రమెడదా? ఎర్రరొమ్ముదా?
పుస్తకంలో రెండు బొమ్మలూ విడివిడిగా, శుభ్రంగా,
పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉన్నాయి.
ఇది మాత్రం ఇద్దరి ఇంటిపేరూ పెట్టుకు తిరుగుతోంది.

"సంకరమని రాసి పడెయ్,"
అటవీ ఆఫీసు లెలాండ్ ఫోన్లో నవ్వాడు.
"దానికో గడి ఉందిగా."

ముప్పై ఏళ్లు కలపమిల్లులో దుంగలు కొలిచింది వెర్నా.
ఏ తరగతికీ ఒదగనివాటి మీద
ఎర్ర సుద్దతో అడ్డంగా ఒక గీత.
వంకరవి, రెండుగా చీలినవి,
పైకి నిగనిగలాడుతూ లోపల గుజ్జుగా పుచ్చినవి.
రోజుకు ఎన్నో. లెక్క పెట్టుకోలేదు.
మధ్యాహ్నానికి వేళ్లన్నీ ఎర్రగా ఉండేవి.

ఇప్పుడు ఎదురుగా ఉన్న ఆస్పెన్,
ఆమె కన్ను చూడగానే చెప్పేసింది,
గుండె పుచ్చింది.
గీత గీయాల్సిన చెట్టే.
రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద తొర్ర,
ఆ తొర్రలోంచి
కత్తెర ఆడించినట్టు పిల్లల గోల.
గట్టి మాను దాని ముక్కుకు లొంగదని,
పుచ్చినదైతేనే ఇల్లు తొలవనిస్తుందని
మిల్లులో ఎవరికీ తెలీదు.
తెలిసినా, ఏం.

వచ్చింది.
తొర్ర అంచున వాలి, తల తిప్పి,
ఎరుపంతా వెలుగులో పెట్టి చూసింది,
ఒక్క క్షణం, నిండుగా.
కెమెరా ఆమె ఒళ్లోనే ఉంది.

నోటుపుస్తకంలో పేరు రాసేచోట
పెన్సిల్ చాలాసేపు ఆగింది.
తర్వాత ఇలా రాసింది:

ఉదయం ఆరూ నలభై. పుచ్చిన ఆస్పెన్.
ముక్కు నిండా చీమలు.
తొందరలో ఉంది.